ఈ వారం సమస్య: గోడ కూలిని మోసెను కూర్మితోడ

నిర్వాహకుడు:
భోపాల్ గిరిజన సంగ్రహాలయంలో భూరీబాయి తన బతుకు కథంతా తానే బొమ్మలుగా వేసుకున్న 70 అడుగుల గోడ చూసి వచ్చాను. ఝాబువా జిల్లా పిటోల్ ఊరి భిల్లు మనిషి. భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కడుతుంటే అక్కడ కూలిపని చేసింది. ఆ గోడలు గీసింది వాస్తుశిల్పి చార్లెస్ కొరియా, మోసింది ఈమెలాంటివాళ్లు! తిరుగు రైలెక్కేసరికి పై పాదం కుదిరింది. దాన్నే చివర ఉంచి, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. దయచేసి ఈసారికి శ్రీరాముణ్ణీ వారధినీ లాక్కురాకండి.

పెన్నేటిగాలి:
ఇటుక మోసిన చేతనే యెత్తె కుంచె
భాష తెలియని యింతికి బలికె రంగు
డెబ్బదడుగుల నడచెను ఠీవి బతుకు
గోడ కూలిని మోసెను కూర్మితోడ

అప్పట్లో ఆమెకు భిల్లీ తప్ప హిందీ రాదు. భారత్ భవన్‌లో ఉన్న చిత్రకారుడు జె. స్వామినాథన్ గారు సైగలతోనే అడిగారట, మీ ఇళ్ల గోడల మీద ఏం వేసుకుంటారో ఇక్కడ వేయమని.

మిరపతోట:
రెండో పాదం బాగుంది, ఒప్పుకోక తప్పదు. మూడోదే... 'అడుగులన్ + అడచెను' అని విడగొడితే బతుకు డెబ్బై అడుగుల్నీ అణగదొక్కేసింది కదండీ! నా పూరణ:

ఆరు రూకలు తట్టకు, నామె బొమ్మ
గీయగా పది యిత్తురా? కిటుకు గాదె
యనుచు భయపడి నిలిచె నా యాదివాసి
గోడ కూలిని మోసెను కూర్మితోడ

కూలి అంటే మనిషి కాదు, డబ్బు. రోజంతా మోస్తే ఆరు, కూర్చుని బొమ్మ వేస్తే పది. ఇదీ మలుపు.

పెన్నేటిగాలి:
మలుపు బ్రహ్మాండం మాస్టారూ. మలుపు తిరిగాక గోడే కనపడలేదు. స్వామినాథన్ ఇచ్చింది కాగితం కదా!

మిరపతోట:
ఆ గోడ పనికి రాకపోతే ఆయన కంట పడేదా? అయినా మొన్న ఉగాదికి, పండితులు కొందరు ఒప్పుకోని అఖండయతి వేసి, అడిగితే 'పూర్వకవి ప్రయోగం' అని తప్పుకున్నవారు నా గోడలు వెతకడమేమిటి? ఆ పూర్వకవి పేరు ఇవాళ్టికీ చెప్పలేదు.

కొత్తవాణ్ణి:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మగలు వేసెడి గుర్రాల మాట వదలి
నెమలి, జింకలు, విమానము, నీలి చెట్టు
చుక్క చుక్కల దీర్చిన చోద్యమౌర!
గోడ కూలిని మోసెను కూర్మితోడ

మొక్కుబడిగా గోడల మీద వేసే పిఠోరా బొమ్మల్లో గుర్రాలు మగవాళ్లే వేయాలని వాళ్ల ఆచారం. అందుకే ఆమె వాటి జోలికి పోలేదు.

లఘువు:
సంగతి అందరికన్నా బాగా పట్టారు నాయనా. కానీ రెండో పాదంలో విమానం కూలింది. తేటగీతిలో అక్కడ ఇంద్రగణం రావాలి; 'వి' లఘువు, 'మా' గురువు, ఆ గణం ఏ ఇంద్రుడి దగ్గరా లేదు. దింపి బస్సెక్కించండి: 'నెమలి, జింకలు, బస్సులు, నీలి చెట్టు'. ఆమె బస్సులూ వేసింది, పేచీ లేదు. ఇంకోటి, మగలు అంటే మొగుళ్లు.

కొత్తవాణ్ణి:
బస్సెక్కానండి. మొగుళ్ల సంగతి రాత్రికి చూస్తాను.

మిరపతోట:
చుక్క చుక్కల పాదం మాత్రం ఎవరూ ముట్టుకోకండి. భిల్లు బొమ్మకు ప్రాణమే చుక్క. మొదట్లో ఆమె రంగులు కూడా ఇంటివే: గేరు మట్టి, సుద్ద, పసుపు, పెనం మసి. ఆకుపచ్చకి చిక్కుడాకు. అది ఎవరన్నా పద్యంలోకి తెస్తారేమోనని చూస్తున్నా.

లఘువు:
నిర్వాహకుల వారికీ ఒక ప్రశ్న. మనిషైతే 'కూలీని' అనాలి కదా? గణమూ చెడదు. హ్రస్వం ఎందుకు?

నిర్వాహకుడు:
కావాలనే. దీర్ఘం పెడితే మిరపతోట గారికి ఆరు రూపాయలూ దక్కేవి కావు.

మిరపతోట:
నిండు సభలో మొదటిసారి నా పక్షం!

పెన్నేటిగాలి:
సరే, నా మూడో పాదం: 'డెబ్బదడుగుల సాగెను ఠీవి బతుకు'. ఇప్పుడు అడచండి చూద్దాం.

మిరపతోట:
బాగుంది. పూర్వకవి పేరు?

నిర్వాహకుడు:
2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది, ఆ మాట ఒక్క పూరణలోనూ లేదు. మంచిదే. చిక్కుడాకు పద్యం కోసం ఆదివారం దాకా తలుపు తీసే ఉంచుతాను. అఖండయతి పంచాయితీ వేరే చోట పెట్టుకోండి.