మొదటి మజిల్‌లోడర్: ఒహాయో జింకకీ, కొలరాడో ఎల్క్‌కీ ఒకటే సరిపోతుందా?

కొలంబస్_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఒహాయో గన్ వీక్‌లో (తుపాకులతో జింక వేటకి ఇచ్చే వారం) ఫ్రెండ్ షాట్‌గన్ అరువు తెచ్చుకుని తిరిగాను. జనవరిలో వచ్చే మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరే తుపాకి) సీజన్‌కి సొంతది కొనుక్కుందామని ఉంది. డెన్వర్‌లో ఉన్న మా బావేమో సెప్టెంబర్‌లో ఎల్క్ (జింక జాతిలో భారీ జంతువు) వేటకి అప్లై చేద్దాం అంటున్నాడు. రెంటికీ పనికొచ్చేలా ఒకటే తుపాకి కావాలి. మందు, గుండ్లు కాకుండా 500 డాలర్ల లోపు. షాపతను స్కోప్ బిగించి ఉన్న ప్యాకేజీ చూపించి, సాబోలూ బిళ్లల మందూ కలిపి తగ్గింపు ఇస్తానంటున్నాడు. తీసేసుకోనా?

రాకీ_కొండలు:
ఆగు తమ్ముడూ, డబ్బులు కట్టకు. ముందు రెండు రాష్ట్రాల రూల్స్ బుక్‌లెట్లు దించుకుని పక్కపక్కన పెట్టుకో. ఏ తుపాకి కొనాలో సగం అవే తేల్చేస్తాయి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్ పెట్టనివ్వరు. ప్లాస్టిక్ తొడుగులో కూర్చునే సాబో గుండూ కుదరదు. బిళ్లల మందు కూడా అంతే, పొడి మందే కొలిచి పోసుకోవాలి. జింకకి .40 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు) చాలు గానీ ఎల్క్‌కి కనీసం .50 ఉండాలి. అంటే షాపతను చూపించిన ప్యాకేజీలో తుపాకి తప్ప మిగతావేవీ అక్కడ చెల్లవు. ఒహాయోలో స్కోప్‌తో ఇబ్బంది లేదు. అందుకని కొలరాడో రూల్స్ చూసుకుని కొంటే ఒహాయోలో హాయిగా వాడుకోవచ్చు.

ఎల్క్ డ్రా (వేట పర్మిట్ల లాటరీ) గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది, మీ బావకి చెప్పు. దూరానికి కనపడే మెరుపు ఆరెంజ్ గానీ పింక్ గానీ బట్ట ఒంటి మీద ఉండాలి. మా ఆవిడ పింక్ కొనిచ్చింది, క్యాంపులో వాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు.

ఓరుగల్లు_209:
అన్న చెప్పింది కరెక్ట్. నా ఓటు .50 ఇన్‌లైన్‌కి (నిప్పు పుట్టే ప్రైమర్ మందు వెనకే నేరుగా ఉండే కొత్త తరం మజిల్‌లోడర్). ట్విస్ట్ 1:28 (గొట్టం లోపలి గాడి 28 అంగుళాలకి ఒక చుట్టు) ఉంటే పొడుగు గుండ్లు బాగా తిరుగుతాయి. ఇనుప సైట్లు ముందే బిగించి ఉన్నదే తీసుకో. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటికి సైట్లే రావు, స్కోప్ బేస్ మాత్రం పెట్టి అమ్ముతారు. సీవీఏ వుల్ఫ్, ఆప్టిమా, ట్రెడిషన్స్ వాళ్ల బ్రేక్ యాక్షన్ (మధ్యలో వంచి తెరిచే) మోడళ్లు నీ బడ్జెట్లోనే దొరుకుతాయి. చెట్టు మీద స్టాండ్‌లో కూర్చునే వేటకి వుల్ఫ్ 24 అంగుళాల గొట్టం తేలిక. ఇనుప సైట్లతో గురి పెట్టడానికి మాత్రం 26 అంగుళాలది నయం, రెండు సైట్ల మధ్య దూరం పెరుగుతుంది కదా.

షాపులో నువ్వు అడగాల్సింది ఇంకోటుంది. బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక మూసే మర) చేత్తో తిప్పితే వస్తుందా, పానా కావాలా? నా పాతదానికి (కంపెనీ పేరెందుకులే) పానా లేకుండా కదిలేది కాదు. రెండో సీజన్‌కల్లా మసి గట్టిపడి ప్లగ్ పట్టేసింది, నూనె పోసి రాత్రంతా నానబెడితే గానీ ఊడలేదు. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) మసి గాల్లో తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. దాని బదులు వాడే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ పోసినా కాల్చిన రోజే సబ్బునీళ్లతో కడగాల్సిందే. బ్లాక్‌హార్న్ 209 అనే మందుకి ఆ బాధ తక్కువ, దాన్ని సాల్వెంట్‌తో తుడిస్తే చాలు. కాకపోతే ధర మండిపోతుంది. పాతకాలపు పేలుడు టోపీలతో (పెర్కషన్ క్యాప్స్) సరిగ్గా అంటుకోదు, షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమరే పెట్టాలి.

చెకుముకి_పిట్స్‌బర్గ్:
అందరూ ఇన్‌లైన్ జపమేనా? మా పెన్సిల్వేనియా రండి. క్రిస్మస్ తర్వాత సీజన్‌లో చెకుముకి తుపాకి (ఫ్లింట్‌లాక్) తప్ప ఇంకో మజిల్‌లోడర్ చెల్లదు. రాయి ఉక్కుకి తగలాలి, నిప్పురవ్వ రంజకంలో (బయట గిన్నెలో పోసే మెత్తటి మందు) పడాలి, అది లోపలి మందుకి అంటుకోవాలి. అంతసేపూ తుపాకి కదలకుండా పట్టుకోవాలి. మంచు పడి రంజకం తడిసిందా, తుస్సే! 1:66 ట్విస్ట్, గుడ్డ చుట్టిన గుండ్రటి సీసం గుండు, ఆ మజా వేరు. గుడ్డని కొలరాడో వాళ్లు సాబో కింద లెక్కేయరు కూడా.

రాకీ_కొండలు:
చెకుముకి గారూ, మీరు చెప్పింది నిజమే గానీ కొత్తవాడికి మొదటే అది అంటగడితే వేట మీదే విరక్తి పుడుతుంది 🙂 ఐడహో వెళ్లేవాళ్లకి మాత్రం మీ దారే మంచిది. అక్కడ మజిల్‌లోడర్ వేటలో 209 ప్రైమర్ కూడా ఒప్పుకోరు.

డల్లాస్_దొర:
మధ్యలో నా డౌట్ ఒకటి. నేనింకా హెచ్-1బీ మీదే ఉన్నా. మజిల్‌లోడర్‌కి ఏ కాగితాలూ అక్కర్లేదని ఒకాయన అన్నాడు. నిజమేనా?

ఓరుగల్లు_209:
సగం నిజం బ్రో. ఫెడరల్ చట్టం ప్రకారం మన వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలూ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. మజిల్‌లోడర్లు చాలావరకు ‘యాంటిక్’ కిందికి వస్తాయి కాబట్టి ఆ చట్టం వాటిని ఫైర్‌ఆర్మ్‌గా చూడదు. కానీ అన్నీ కాదు. గొట్టం మార్చి మామూలు రైఫిల్‌గా వాడుకోగలిగేవి ఫైర్‌ఆర్మ్ కిందే లెక్క. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. ముందు లైసెన్స్ తీసుకో, లాయర్‌కి ఒక మెయిల్ పెట్టు. వీసా విషయంలో షాపువాళ్ల మాట మీద ఆధారపడొద్దు.

మిన్నియాపొలిస్_మామ:
ఏది కొన్నా సరే నాయనా, ఇవి వినండి. గుండు మందు మీద ఆనేదాకా కూరాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది. ర్యామ్‌రాడ్ (గుండు కూరే కడ్డీ) మీద రెండు గీతలు గీసుకోండి, ఖాళీ గొట్టానికి ఒకటి, నింపిన గొట్టానికి ఒకటి. కబుర్లలో పడి మందు రెండుసార్లు పోసినా ఆ గీత పట్టిచ్చేస్తుంది. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ మందు పొరపాటున కూడా పోయకండి. దానికని చేసిన తుపాకులు వేరే ఉంటాయి. ఇంకోటి, మందు 100 గ్రెయిన్లు (గ్రెయిన్ చిన్న తూకపు కొలత) అంటే కొలగొట్టంతో కొలిచే లెక్క. బ్లాక్‌హార్న్ అంత కొలిస్తే తూకంలో 70 దగ్గరే వస్తుంది. తక్కెడలో 100 తూచి పోశారంటే ప్రమాదం.

గోదారి_గట్టు:
వేటకి మోసుకెళ్లిన బ్యాగుతో ఇండియా ఫ్లైట్ ఎక్కకండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. మా ఏజెన్సీ వైపు నాటు తుపాకి ఇంట్లో ఉన్నా పోలీసులే, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక దుప్పిని కొడితే జైలే. ఇక్కడ ట్యాగ్ (జంతువుకి ఇచ్చే వేట పర్మిట్) కొనుక్కుని జింకని కొడుతున్నానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

కొలంబస్_కుర్రాడు:
ప్యాకేజీ వద్దని చెప్పేశాను. .50 ఇన్‌లైన్, 26 అంగుళాలు, ఇనుప సైట్లు, చేత్తో ఊడే ప్లగ్, పొడి మందు. ఇంక ఎల్క్‌కి ఏ గుండు? ఎంత దూరం నుంచి కొట్టొచ్చు?

రాకీ_కొండలు:
గొట్టానికి సరిగ్గా పట్టే సీసం కోనికల్ (మొన ఉన్న పొడుగు గుండు), 300 గ్రెయిన్ల పైన. రెండు మూడు రకాలు చిన్న ప్యాకెట్లు కొను, ఒక్కో గొట్టానికి ఒక్కోటి నప్పుతుంది. రేంజ్‌లో 50 గజాలతో మొదలుపెట్టి 100కి వెళ్లు. టిఫిన్ ప్లేటు అంత చోటులో గుండ్లన్నీ పడని దూరం నుంచి ఎల్క్‌ని కొట్టొద్దు. నాకు 100 గజాలు దాటితే ఇనుప సైట్లతో ధైర్యం చాలదు. కాల్చగానే తెల్లటి పొగ కమ్మేస్తుంది, జంతువు ఎటు పోయిందో కనపడదు. చెవులు అటు పెట్టి, ఉన్నచోటే ముందు రెండో గుండు నింపుకో.

మీ బావ డబ్బాలో ఏముందో కూడా ఒకసారి చూడు. ఇంకా బిళ్లల మందే ఉంటే వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ ఆయనకీ టికెట్ రాస్తాడు.