కొత్త సూప్రా ఎదురైతే చెయ్యి ఎత్తాలా, అక్కర్లేదా?

రోటరీ_గుండె: మాజ్డా వారి రోటరీ ఇంజన్ స్పోర్ట్స్ కారు ఆర్‌ఎక్స్-7కు మరో ఆర్‌ఎక్స్-7 ఎదురైతే చెయ్యి ఎత్తడం, హెడ్‌లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పడం మనలో చాలామందికి అలవాటు. 2002లో తయారీ నిలిచిపోయిన కారును ఇంకా నడుపుతున్న మనిషి దాని ఇంజన్‌లో అరిగిపోయే ఏపెక్స్ సీళ్ల గురించి ఎంత దిగులుపడి ఉంటాడో చెప్పకుండానే తెలుస్తుంది కాబట్టే ఆ పలకరింపు. 2019లో వచ్చిన టొయోటా సూప్రాను మాత్రం నేను పలకరించను. దాని ఇంజన్ బీఎండబ్ల్యూ వారి బీ58, తయారైనది ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, బీఎండబ్ల్యూ జెడ్4 కారుతో పాటుగా.

ఎర్రగీత: రోటరీ గారూ, టొయోటా ఇతరుల సాయం తీసుకోవడం ఇదే మొదటిసారి కాదు. 1967 నాటి టొయోటా 2000జీటీ కారు యమహాలోనే తయారైంది, దాని సిలిండర్ హెడ్‌ను రూపొందించినదీ యమహాయే. టొయోటా జీఆర్86 కారులో ఉన్నది సుబారు బాక్సర్ ఇంజన్. ఈ రెండింటినీ తలవంచి పలకరిస్తూ, మూడోదాన్ని చూసి ముఖం తిప్పుకోవడం ఏ న్యాయం?

రోటరీ_గుండె: యమహా, సుబారు రెండూ జపాన్ సంస్థలే కదా. నేను అడిగింది గ్రాజ్ గురించి.

మౌనపాఠకుడు: నేను ఎదురైన ప్రతి కారుకూ చెయ్యి ఎత్తుతాను, ఒకసారి పొరపాటున టాక్సీకి కూడా ఎత్తాను, అతను కూడా ఎత్తాడు.

ఐదోగేరు: హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పితే ముందు పోలీసులున్నారని అనుకుని వేగం తగ్గించేవారే ఎక్కువ. జపాన్‌లో దారి ఇచ్చినవారికి కృతజ్ఞతగా హజార్డ్ లైట్లు వెలిగిస్తారు, అది నయం.

ఎర్రగీత: గ్రాజ్ గురించే చెబుతాను. ఒక సిగ్నల్ దగ్గర నా కొత్త సూప్రా పక్కన టొయోటా సొంత 2జేజెడ్ ఇంజన్ ఉన్న పాత తరం ఏ80 సూప్రా ఆగింది. చిన్నప్పటి నుంచి నేను కలగన్న కారు అదే కాబట్టి అద్దం దించి, చాలా బాగుందండీ అన్నాను. ఆయన నా కారు ముందు భాగాన్ని ఒకసారి చూసి, తన అద్దం పైకి ఎత్తుకున్నారు. ఆ తర్వాత ఒక సమావేశంలో ఆయనే కనిపించి, నా కారును చివరి వరుసలో బీఎండబ్ల్యూల పక్కన నిలపమన్నారు, చుట్టూ ఉన్నవారు నవ్వారు. మీరు ఇంజన్ సంఖ్య చూసి స్నేహం చేస్తారేమో గానీ, ఆ రోజు అద్దం దించినది ఇంజన్ కాదు, నేను.

రోటరీ_గుండె: మీకు జరిగిన అవమానానికి నన్ను బాధ్యుణ్ణి చేయకండి. నా అనుభవం కూడా వినండి. మేము రాత్రిపూట ప్రశాంతంగా కూర్చుని బానెట్లు ఎత్తి మాట్లాడుకునే స్థలం ఒకటి ఉండేది. కొత్తగా కార్లు కొన్నవారు వచ్చి, వెళ్లేటప్పుడు ఇంజన్లు రేజ్ చేసి టైర్లు కాల్చడం మొదలుపెట్టారు, చివరికి పోలీసులు గేటు మూయించారు. యోకోహామా దగ్గర కారు ప్రియులు గుమిగూడే డైకొకు పార్కింగ్‌ను పోలీసులు తరచూ రాత్రిపూట ఖాళీ చేయించడం ఎందుకో మీకు తెలియదా? సిగ్నల్ దగ్గర నా పక్కన ఆగి ఇంజన్ రేజ్ చేసినవాడు నన్ను పలకరించడం లేదు, పందేనికి పిలుస్తున్నాడు.

ఐదోగేరు: ఇప్పుడు కదా అసలు విషయం బయటకు వచ్చింది!

ఎర్రగీత: అంటే గ్రాజ్, బీ58 అన్నవన్నీ సాకులే! మీకు కోపం కారు మీద కాదు, స్థలం పోయినందుకు. పందేలు 2019లో పుట్టాయా? 1999లో రద్దయిన వీధి పందేల బృందం మిడ్‌నైట్ క్లబ్ వారు టోక్యో వాంగన్ రోడ్డు మీద గంటకు 300 కిలోమీటర్లు దాటినప్పుడు కొత్త సూప్రాల ఊసే లేదు. పైగా ఆ క్లబ్‌లో అందరికన్నా పేరు పొందిన కార్లలో ఒకటి పోర్షే 911, అది కూడా జర్మనీదే. దానికి మాత్రం మీరందరూ దండం పెడతారు.

మౌనపాఠకుడు: పోర్షే సంగతి బాగా తగిలింది.

రోటరీ_గుండె: తగలలేదు. ఆ 911ను ఎవరూ జపాన్ కారు అనలేదు. ఇంజన్ రేజ్ చేయకుండా నా పక్కన ఆగిన కొత్త సూప్రాకు ఇకమీదట చెయ్యి ఎత్తుతాను, అంతవరకు ఒప్పుకుంటాను. అది జపాన్ కారు అని మాత్రం ఒప్పుకోను.

ఎర్రగీత: సరే. పాత ఏ80 సూప్రా పక్కన ఆగి రేజ్ చేస్తే దానికీ చెయ్యి ఎత్తరా? దీనికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు.