పోలిష్ కార్మికుల వలస: బ్రిటన్‌లో కూలి రేట్లు నిజంగా పడిపోయాయా?

ప్రశ్న (సెమినార్ పేపర్):
2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. అదే రోజు చేరిన కొత్త దేశాలన్నిటి నుంచీ కలిపి ఏడాదికి నికరంగా 5,000 నుంచి 13,000 మంది వస్తారని బ్రిటన్ ప్రభుత్వం చేయించిన అధ్యయనం చెప్పింది. 2011 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలండ్‌లో పుట్టినవాళ్లే దాదాపు 5,79,000. అంచనా ఇంతలా ఎందుకు తప్పింది? స్థానికుల జీతాలు తగ్గాయని కొందరు, లేదని కొందరు. ఏది నమ్మాలి?

లెక్కల మనిషి:
అధ్యయనాన్ని మరీ తిట్టకండి. పాత సభ్యదేశాలన్నీ కొత్త దేశాల కార్మికులకు తలుపులు తెరుస్తాయన్న ఊహ మీద వేసిన లెక్క అది. తీరా మొదటి రోజు నుంచే తెరిచినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్. జర్మనీ, ఆస్ట్రియా మాత్రం వాళ్లను ఆపేందుకు పాత దేశాలకు ఇచ్చిన ఏడేళ్ల గడువు మొత్తం వాడుకుని 2011 మే దాకా ఆగాయి. అటు పోవాల్సిన జనంలో చాలామంది ఇటు మళ్లారు.

పేస్లిప్:
జీతాల విషయంలో ఇద్దరూ నిజమే చెబుతున్నారండీ. సగటులో పెద్దగా ఏమీ కనబడదు, అడుగు వరుసలో కాస్త కనబడుతుంది. 2015 నాటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పత్రం ప్రకారం, తక్కువ నైపుణ్యపు సేవల పనుల్లో వలసవాళ్ల వాటా 10 శాతం పాయింట్లు పెరిగితే (ఉదాహరణకు 10 శాతం నుంచి 20 శాతానికి) జీతం దాదాపు 2 శాతం తగ్గుతుంది. శాతం వేరు, శాతం పాయింట్లు వేరు. చాలామంది బోల్తాపడేది అక్కడే. పైగా అది వలసవాళ్లందరి లెక్క, పోలిష్ వాళ్లది మాత్రమే కాదు.

కనీస వేతనం ఉండగా కార్మికుడి చేతికి తక్కువ ఎలా వస్తుందంటారా? కోతల్లో. తూర్పు ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ కూరగాయల ప్యాకింగ్ షెడ్లకు మనుషుల్ని పంపేది ఎక్కువగా ఏజెన్సీలే. స్లిప్‌లో గంట రేటు చట్టప్రకారమే ఉండొచ్చు. దాని కింద వ్యాన్ చార్జీ, ఏజెన్సీ గదికి అద్దె. కనీస వేతనం లెక్కలో అద్దెకు రోజువారీ పరిమితి ఉంది. దాటిన మొత్తాన్ని జీతంలోంచి తీసేసి, పనిచేసిన గంటలతో భాగిస్తేనే అసలు రేటు తేలుతుంది. ఆర్డర్లు లేక షెడ్డు మూసినా అద్దె ఆగదు. ఒకేచోట 12 వారాలు చేసిన ఏజెన్సీ కార్మికులకు సమాన జీతం అన్న నిబంధన 2011 అక్టోబరులో గానీ రాలేదు, అందులోని లొసుగు (ఏజెన్సీ పర్మనెంటుగా పెట్టుకుని పనిలేని రోజులకు కొంత ఇస్తే సమాన జీతం అక్కర్లేదు) 2020 ఏప్రిల్ దాకా సాగింది.

టైల్స్ మేస్త్రీ:
బ్రిటన్ ఒక్కటే చూస్తే సగమే అర్థమవుతుంది. నార్వే నిర్మాణరంగంలో ఎలక్ట్రీషియన్‌కీ ప్లంబర్‌కీ లైసెన్సు కావాలి, పెయింటర్‌కి అక్కర్లేదు. వలస తాకిడి పడింది లైసెన్సు అక్కర్లేని పనుల మీదే. జర్మనీదీ ఇదే కథ: ఉద్యోగులకు తలుపు మూసింది కానీ సొంతంగా పనిచేసుకునేవాళ్లను ఆపలేదు. సరిగ్గా 2004 జనవరిలోనే టైల్స్ పనిలో సొంత సంస్థ పెట్టడానికి మాస్టర్ సర్టిఫికెట్ (పనితనానికి పరీక్ష పాసైన పత్రం) తప్పనిసరి కాదంది. ఒంటరి మేస్త్రీల సంస్థలు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. 2020లో ఆ సర్టిఫికెట్‌ను మళ్లీ తెచ్చారు.

ప్రశ్నించినవారు:
కొత్త సభ్యదేశాల కార్మికులు 2004 నుంచి 2011 దాకా బ్రిటన్‌లో నమోదు చేసుకున్న రిజిస్ట్రేషన్ పట్టికలు వాడొచ్చా?

లెక్కల మనిషి:
వచ్చినవాళ్ల ధోరణికి వాడండి, ఉన్నవాళ్ల సంఖ్యకు వద్దు. సొంత పని చేసుకునేవాళ్లు నమోదు కావాల్సిన పని ఉండేది కాదు. రుసుము మొదట 50 పౌండ్లు, చివరికి 90, ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. వెళ్లిపోయినవాళ్ల పేరు కొట్టేసే ఏర్పాటే ఉండేది కాదు కాబట్టి, 2008 మాంద్యంలో జనం తిరుగుముఖం పట్టినా మొత్తం పెరుగుతూనే కనిపిస్తుంది. ఉన్నవాళ్ల సంఖ్యకు లేబర్ ఫోర్స్ సర్వే తీసుకోండి. అది ఇళ్లను బట్టి చేసే సర్వే, పొలాల దగ్గరి ఉమ్మడి బసలు చాలావరకు అందులోకి రావు.