అప్‌డేట్: అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో వీడియో కాల్ సమస్య చాలావరకు తీరింది

రూటర్ లేకుండా నాలుగు లాప్‌టాప్‌లను వైఫై అడ్‌హాక్ మోడ్‌లో వరసగా కలిపితే, పక్కదానితో వీడియో కాల్ బాగుంటోంది, చివరిదానితో బొమ్మ ఆగిపోతోంది, ఎందుకని అడిగాను కదా. అది ప్రాజెక్ట్ పని, డెమో టెన్షన్ వేరే!

తప్పు రూటింగ్‌దే, అంటే ప్యాకెట్లకు దారి వెతికే పద్ధతిదే అనుకొని, ఏఓడీవీ అనే రూటింగ్ ప్రోటోకాల్ తీసేసి ఓఎల్‌ఎస్‌ఆర్ అనే ఇంకోటి పెట్టాను. రెండు రోజులు దండగ. మీరు చెప్పిందే నిజం: అన్నీ ఒకే ఛానల్‌లో ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కటే వైఫై రేడియో (సిగ్నల్ పంపి, అందుకునే భాగం). మధ్య లాప్‌టాప్ ఒక ప్యాకెట్ అందుకుంటున్నప్పుడు ఇంకోటి పంపలేదు. అందుకే రెండు హాప్‌లకు (ఒక లాప్‌టాప్ నుంచి పక్కదానికి ఒక గెంతు ఒక హాప్) వేగం దాదాపు సగం, మూడింటికి మూడో వంతు. పైగా వీడియో రెండు వైపులా వెళ్లాలాయె.

720పీ నుంచి 360పీకి దించి, సెకనుకు 15 ఫ్రేములు చేసి, మాటకు ముందు దారి ఇచ్చాను. బొమ్మ కాస్త మసకైనా మాట తెగడం లేదు.

మధ్య లాప్‌టాప్ పట్టుకొని నడిస్తే మాత్రం కాల్ కొన్ని సెకన్లు చచ్చిపోయేది. ఓఎల్‌ఎస్‌ఆర్ మామూలుగా 2 సెకన్లకోసారి పక్కవాటికి 'నేనున్నాను' అని హలో సందేశం పంపుతుంది. 6 సెకన్లు వినపడకపోతేనే పొరుగు పోయిందనుకుంటుంది. హలోని అర సెకనుకు, ఆ గడువును ఒకటిన్నర సెకనుకు తగ్గించాను. అదనపు సందేశాల భారం ఉంది, నాలుగింటికి పరవాలేదు. ఇరవై ఉంటే ఈ పని చేయను.

రెండో రేడియో కోసం స్నేహితుడి యూఎస్‌బీ అడాప్టర్ అడిగాను, ఇంకా ఇవ్వలేదు.