సెప్టెంబర్ 17ని ఏమని పిలవాలి? మా ఊరి ఫ్లెక్సీ ఆగిపోయింది

జనగామ దారి:

అందరికీ నమస్తే. సెప్టెంబర్ 17 పొద్దున మా ఊరి బడి ముందు జెండా ఎగరేస్తాం. 1948లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చాక నిజాం చేతులెత్తేసిన రోజు అది. నాలుగేళ్లుగా యువజన సంఘం తరఫున ఈ పని మేమే చూసుకుంటున్నాం. ఈసారి ఫ్లెక్సీ మీద ఏం రాయాలనే దగ్గర గొడవైంది. సగం మంది 'విమోచన దినం' అని రాయాలన్నారు, ఇంకొందరు 'విలీన దినం' అన్నారు. ఒక పెద్దాయన లేచి, "అది విద్రోహ దినం. జెండా కాదు, నల్లగుడ్డ కట్టాలి" అని వెళ్లిపోయాడు. ఫ్లెక్సీ షాపు అతను రెండుసార్లు ఫోన్ చేశాడు, ఇంకా మ్యాటర్ ఇవ్వలేదు.

పైవాళ్ల దగ్గరా ఇదే తంతు. 2022లో ఒకే పొద్దున కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో 'హైదరాబాద్ విమోచన దినం' జరిపింది, రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో 'జాతీయ సమైక్యత' పేరుతో జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం 'ప్రజా పాలన దినోత్సవం' అంది. కేంద్రం అదే ఏడాది మార్చిలో విమోచన దినం అని గెజిట్ కూడా ఇచ్చింది. తేదీ ఒక్కటే, పేర్లే తలొకటి.

నా మాట ముందే చెప్తాను. నేను 'విమోచనం' వైపే. మా నాయనమ్మ దొర గడీకి నీళ్లు మోసింది, వడ్లు దంచింది, కూలి అడగలేదు, అడిగే దిక్కు లేదు. మాకు దగ్గర్లోనే బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న నిజాం తరఫున ఆయుధాలు పట్టుకొని తిరిగిన రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి ఆ ఊరి మీద పడి జనాన్ని వరుసగా నిలబెట్టి కాల్చారు. బురుజు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. నాయనమ్మ ఒక మాట అనేది: "అప్పటిదాకా రాత్రిళ్లు జొన్నచేలల్లో పడుకున్నం బిడ్డా. మిలట్రీ వచ్చినంక ఇంట్ల పడుకున్నం." చేలో పడుకున్న మనిషి ఇంట్లో పడుకోగలిగిన రోజును విమోచనం అనకపోతే ఏమనాలి? తప్పయితే చెప్పండి, వింటాను.

లా పాయింట్:

అన్నా, మీ నాయనమ్మ మాట మీద నేనేమీ అనను. తేదీ గురించి మాత్రం కొంచెం చూడాలి.

సైన్యం 13న బయల్దేరింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి కాల్పులు ఆపమన్నాడు. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. అంటే 17న జరిగింది యుద్ధం ఆగడం. మిగతా సంస్థానాల రాజుల్లాగా నిజాం అప్పుడు విలీన పత్రం మీద సంతకం పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టే కొనసాగిద్దామనే 1947 నవంబర్ 29 నాటి యథాతథ ఒప్పందం ఒక్కటే ఉండేది. భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగం అని నిజాం ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చింది 1949 నవంబర్ 23న. అది అమలైంది 1950 జనవరి 26న. ఆ మధ్య ఏడాదికి పైగా నడిచింది మిలటరీ గవర్నర్ పాలన. ప్రజలు ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వం రావడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది, మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు.

కాబట్టి 'విలీనం' అనాలంటే 17 సరిపోదు. 'ప్రజా పాలన' అనాలంటే అస్సలు సరిపోదు, ఎందుకంటే ఆ మర్నాటి నుంచి మొదలైంది సైనిక పాలన. నాకు ఈ కొత్త పేరు మీదే ఎక్కువ అభ్యంతరం.

కల్లం కాడ:

మాది నల్లగొండ. మా తాత దొరల మీద, నిజాం మీద సాయుధ పోరాటం చేసిన కమ్యూనిస్టుల సంఘంలో ఉండేవాడు. 'విద్రోహం' అని లేచి వెళ్లిపోయిన ఆ పెద్దాయన తరఫున నేను మాట్లాడతాను, ఎందుకంటే ఆయన బాధ నాకు తెలుసు.

1946 జులై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. కాల్పించింది ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ముస్లిం కాదు. చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురు నిలబడింది కూడా ఆ దొర మీదే. ఆ పోరాటంలో లక్షల ఎకరాలు పంచారు, వెట్టి పోయింది. అదంతా జరిగింది సైన్యం రాకముందే. మీ నాయనమ్మ గారికి వెట్టి తప్పింది ఏ సంవత్సరమో ఒకసారి ఇంట్లో అడిగి చూడండి. చాలా ఊళ్లలో 1948 కంటే ముందే తప్పింది.

మరి సైన్యం వచ్చాక ఏమైంది? రజాకార్ల పని కొన్ని రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత అదే సైన్యం మూడేళ్లు మా ఊళ్ల మీద పడింది. పట్నం పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకొని తిరిగొచ్చారు, పంచిన భూములు చాలాచోట్ల గుంజుకున్నారు. పోరాటం ఆపింది 1951 అక్టోబర్‌లో. మా తాతను పట్టుకుపోయింది 1949లో. రజాకార్లు కాదు, స్వతంత్ర భారత సైన్యం. మా ఇంట్లో 17న జెండా పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకో మాట. ఎవరిని ఓడించామని పండగ చేస్తున్నామో ఆ నిజామే 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం ఇచ్చారు. జైళ్లలో ఉన్నది మావాళ్లు.

జనగామ దారి:

కల్లం కాడ అన్నా, మీ తాత గారికి దండం. నేను ఆ పోరాటాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఒకటి అడుగుతాను. సైన్యం రాకపోతే 1948 సెప్టెంబర్ చివరికి మన ఊళ్లల్లో ఎంతమంది మిగిలేవాళ్లు? సంఘం దగ్గర వడిసెలలు, బర్మార్లనే నాటు తుపాకులు ఉన్నాయి. అవతల పోలీసులు, రజాకార్లు, ట్రక్కులు, తుపాకులు. బైరాన్‌పల్లి వాళ్లు బురుజు మీద నుంచి చాలా రోజులు కాచుకున్నారు, చివరికి ఏమైందో చూశాం. తర్వాత సైన్యం చేసింది తప్పే. అది తప్పయినంత మాత్రాన 17న జనం పీల్చుకున్న ఊపిరి అబద్ధం అయిపోతుందా?

కల్లం కాడ:

అబద్ధం కాదు తమ్ముడూ. ఆ ఊపిరి మాదీ. మా నాయన చెప్పేవాడు, మొదటి వారం మావాళ్లే సైన్యానికి ఎదురెళ్లి స్వాగతం చెప్పారని. అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

నాందేడ్ తెలుగు:

మాది మహారాష్ట్ర వైపు సరిహద్దు, ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. తెలంగాణ వాళ్లు ఈ చర్చ చేసేటప్పుడు మమ్మల్ని మర్చిపోతారు, అందుకే రాస్తున్నా. హైదరాబాద్ సంస్థానంలో 16 జిల్లాలు ఉంటే మీవి 8, మరాఠీవి 5, కన్నడవి 3. మా దగ్గర 17ని 'మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం' అని ఎప్పటి నుంచో ప్రభుత్వమే జరుపుతుంది. పేరులో 'సంగ్రామ' అనే మాట ఉంది చూడండి. విడుదల వచ్చింది, దాని కోసం కొట్లాడినవాళ్లూ ఉన్నారు అని రెండూ అందులో వచ్చాయి. ఆ పోరాట నాయకుడు స్వామి రామానంద తీర్థ పేరు మా బడి పిల్లలకు కూడా తెలుసు. కర్ణాటక వాళ్లు 2019లో తమ వైపు వచ్చిన సంస్థానం ప్రాంతం పేరునే కల్యాణ కర్ణాటకగా మార్చుకొని, ఉత్సవం పేరూ మార్చారు. మా దగ్గర పేరు మీద ఇంత గొడవ లేదు. కానీ గొడవ లేకపోవడం వల్ల కొన్ని విషయాలు ఎవరూ మాట్లాడరు. అవి ఇంకెవరైనా చెప్తే బాగుంటుంది.

బీదర్ గల్లీ:

ఆ 'కొన్ని విషయాలు' నేను చెప్తాను.

మాది బీదర్ జిల్లా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాం. మా దాదా (తాత) వాళ్ల ఊరు వదిలి వచ్చింది 1948లో, సెప్టెంబర్ 17 తర్వాత. రజాకార్లతో మా ఇంటికి ఏ సంబంధమూ లేదు. దాదా దర్జీ పని చేసేవాడు. సైన్యం ముందుకు వెళ్లిపోయాక ఊళ్లల్లో పగ తీర్చుకోవడం మొదలైంది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో తిరిగి చూసి నివేదిక ఇచ్చింది. సంస్థానం మొత్తం మీద చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ రోజుల్ని 'సుకూత్' అనేవాళ్లు, అంటే పతనం. చిన్నప్పుడు నాకు అది మనుషులు పడిపోవడం అనే అర్థమైంది. ఇప్పటికీ ఆ మాట వింటే నాకు దాదా కుట్టు మిషన్ లేకుండా ఒట్టి చేతులతో ఊరు దాటిన సంగతే గుర్తొస్తుంది.

నేను నిజాంను వెనకేసుకు రావడం లేదు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ చేసింది పాపం. ఇండియాలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపారు, ఆయన చేతులు నరికారు. ఆయన ముస్లిమే. నిజాం మీద కొట్లాడిన కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. రజ్వీ జైలు నుంచి బయటికొచ్చి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నిజాం ప్రధాని లాయక్ అలీ అంతకుముందే వెళ్లిపోయాడు. వాళ్లు చేసినదానికి మూల్యం చెల్లించింది మా దాదాలాంటి వాళ్లు, ఇక్కడే ఉండి.

17న మైకులో 'వాళ్ల నుంచి విముక్తి' అని అరిచినప్పుడు, ఆ 'వాళ్లు' ఎవరు అని మా పిల్లాడు అడుగుతాడు. నిజాం నుంచి అంటే నాకు సమ్మతమే. రజాకార్ల నుంచి, దొరల నుంచి అన్నా సమ్మతమే. 'వాళ్లు' అని వదిలేస్తేనే నాకు భయం.

జనగామ దారి:

బీదర్ గల్లీ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. రాత్రి మా అమ్మతో కూడా మాట్లాడాను. మా ఊళ్లో కూడా అప్పట్లో ఒక దూదేకుల ఇల్లు, రెండు సాయిబుల ఇళ్లు ఉండేవట. ఇప్పుడు లేవు. ఎప్పుడు పోయారంటే అమ్మకు తెలీదు. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ అడగలేదు. సిగ్గుగా ఉంది.

కృష్ణ ఒడ్డు:

నేను విజయవాడ నుంచి. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. అప్పట్లో రజాకార్ల బాధ పడలేక మా వైపు వచ్చి తలదాచుకున్నవాళ్ల గురించి మా అమ్మమ్మ చెప్పేది, వంటలు చేసి పంపేవాళ్లట. మా దగ్గరా ఇలాంటి తగువు ఉంది. రాష్ట్ర అవతరణ 1953 అక్టోబర్ 1నా, 1956 నవంబర్ 1నా, రెండు రాష్ట్రాలుగా విడిపోయిన 2014 జూన్ 2నా అని ప్రభుత్వం మారినప్పుడల్లా మాట్లాడుకుంటాం. అయితే మా తేదీల కింద శవాలు లేవు, పొట్టి శ్రీరాములు గారి త్యాగం, ఆ తర్వాత జరిగిన కాల్పులు తప్ప. మీది బరువైన తేదీ. ఒక్క పేరు మోయలేదేమో అనిపిస్తోంది.

లా పాయింట్:

అయినా ఏదో ఒకటి రాయాలి కదండీ, ఫ్లెక్సీ ఖాళీగా పెట్టలేరు. నా సలహా: పేరు వద్దు, 'హైదరాబాద్ సంస్థానంలో నిజాం పాలన ముగిసిన రోజు, 1948 సెప్టెంబర్ 17' అని రాయండి. అదైతే ఎవరూ కాదనలేరు.

కల్లం కాడ:

నేను కాదంటాను. నిజాం రాజప్రముఖ్‌గా ఉండగా పాలన ఎలా ముగిసింది?

లా పాయింట్:

రాజప్రముఖ్ చేతిలో సైన్యం లేదు, ఫర్మానా లేదు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పదవి ఉంది, ఏలుబడి లేదు. ఈ తేడా మీరు ఒప్పుకోవాలి అన్నా.

కల్లం కాడ:

సరే, ఆ ఒక్కటి ఒప్పుకుంటా.

జనగామ దారి:

నిన్న సాయంత్రం సంఘంలో కూర్చున్నాం. లేచి వెళ్లిపోయిన పెద్దాయన ఇంటికి ఇద్దరం వెళ్లి పిలుచుకొచ్చాం. నేను ఇప్పటికీ విమోచనం అనే అంటాను, నోటితో. నాయనమ్మ మాటను నేను దాటలేను. కానీ ఫ్లెక్సీ మీద ఆ పదం పెట్టాలనే పట్టు వదిలేశాను. పైన తేదీ, కింద మా ఊళ్లో చనిపోయినవాళ్ల పేర్లు. అంతే రాద్దామనుకున్నాం. ఇప్పటిదాకా ఏడు పేర్లు దొరికాయి.

బీదర్ గల్లీ:

మంచి మాట. ఒకటి అడగొచ్చా? 17 కంటే ముందు పోయినవాళ్ల పేర్లేనా, తర్వాత పోయినవాళ్లవి కూడానా?

జనగామ దారి:

తర్వాతవి కూడా. 1950లో మిలటరీ కాల్చిన ఇద్దరి పేర్లు పెద్దాయన చెప్పాడు, ఒకరు ఆయన అన్న. సాయిబుల ఇళ్ల సంగతి ఊళ్లో ముసలివాళ్లను అడుగుతున్నాం. ఒకామె 'పీరు సాయిబు పెండ్లాం' అని చెప్పింది, ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ప్రింటింగ్‌కు 14వ తేదీ దాకా టైం ఉంది, ఇంకా అడుగుతాం.