అప్‌డేట్: లోడ్ పడగానే డెస్క్‌టాప్ ఆగిపోయే సమస్య తీరింది, తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది (కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై యూనిట్)

మామూలు పనులకు బాగానే ఉండి, వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే సిస్టమ్ టప్పున ఆగి మళ్లీ దానంతటదే ఆన్ అవుతోందని అడిగాను కదా, ఆ సంగతి తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు ఎస్‌ఎంపీఎస్ చూపించండి" అన్నవారి మాటే నిజమైంది.

రిపేర్ షాపులో టెక్నీషియన్ ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే, ఖాళీగా ఉన్న ఒక మోలెక్స్ కనెక్టర్‌లో (డ్రైవ్‌ల వంటి వాటికి కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల ప్లగ్) పసుపు, నలుపు వైర్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూపించారు. ఊరికే ఉన్నప్పుడు 12 వోల్టులకు దగ్గరగానే ఉంది. లోడ్ పెట్టగానే 11.2కి దిగింది, ఆ వెంటనే సిస్టమ్ ఆగిపోయింది. 11.4 కంటే తగ్గకూడదట. ఎస్‌ఎంపీఎస్ విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల (చార్జ్‌ని నిలవ ఉంచే భాగాలు) పైభాగం ఉబ్బి ఉంది, ఒకదాని అడుగున గోధుమరంగు ద్రవం కారి ఎండిపోయింది. వాటిని మార్చొచ్చు గానీ పాతబడ్డ యూనిట్ మీద ఆ ఖర్చు దండగన్నారు. నాకూ అదే సబబనిపించి కొత్తది వేయించాను. (ఇంట్లో మాత్రం ఎస్‌ఎంపీఎస్‌ని విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల చార్జ్ మిగిలి ఉంటుంది.)

అంతకుముందు నేను చేసిన ప్రయత్నాల్లో ర్యామ్ తీసి తుడవడం, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ఒరిగిందేమీ లేదు. ప్రాసెసర్ మీద వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ మార్చాక వేడి తగ్గింది గానీ అసలు సమస్య అలాగే ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ నమోదు చేసిన లాగ్‌లు చూపించే టూల్) కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ చూసి నేను పడ్డ టెన్షన్ మీరు పడకండి: సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుందంతే, ఎందుకో చెప్పదు.

ఇప్పుడు గంటల తరబడి రెండర్ పెట్టినా ఆగట్లేదు.