చేవెళ్ళ తోటలో స్విమ్మింగ్ పూల్: ఆర్‌సీసీనా, ఫైబరా?

తోటమాలి
చేవెళ్ళ దగ్గర ఎకరం తోట ఉంది, నేల నల్లరేగడి. 30 అడుగుల పొడవు, 15 వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతుతో పూల్ అనుకుంటున్నాం. వెళ్ళేది శని, ఆదివారాలే. ఆర్‌సీసీకి (ఇనుప కడ్డీలు వేసి పోసే కాంక్రీటు) 16 లక్షలు, రెడీమేడ్ ఫైబర్‌కి 12 లక్షలు కొటేషన్ ఇచ్చారు. 18 శాతం జీఎస్టీ వేరే. ఏది మేలు?

కాంక్రీటు30
నల్లరేగడిలో ఫైబర్ మాటే ఎత్తకండి. వానకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పలచటి షెల్ (పూల్ తొట్టి) గోడ లోపలికి పొట్టలా పొంగుతుంది. ఆర్‌సీసీయే కట్టించండి, అదీ నీళ్ళ ట్యాంకుల కోడ్ ఐఎస్ 3370 చూసుకుని. ఎం30 గ్రేడుకి తగ్గని రెడీమిక్స్ కాంక్రీటు, అడుగూ గోడలూ 8 అంగుళాల మందం, రెండు వరసల ఇనుము, 6 అంగుళాలకో కడ్డీ. అడుగు స్లాబు, గోడ కలిసే జాయింటులో నీళ్ళు కారకుండా ఆపే పీవీసీ పట్టీ (వాటర్ స్టాప్) తప్పనిసరి. కారితే ముందు అక్కడే కారుతుంది. టైల్స్ వేయకముందు నిండా నీళ్ళు పెట్టి వారం రోజులు మట్టం చూడాలి.

నీలికొలను
6 అంగుళాలకో కడ్డీ దండగ. 8 అంగుళాలకొకటి చాలు.

కాంక్రీటు30
ఏ లెక్కన చాలు? దూరం పెరిగితే సన్న బీటలు వెడల్పవుతాయి. పడిపోని గోడ వేరు, నీళ్ళు కారని గోడ వేరు.

నీలికొలను
కడ్డీ సైజు చెప్పకుండా దూరం మీద గొడవెందుకు? 12 ఎంఎం వేస్తే 8 అంగుళాలు సరిపోతుంది.

మొరంబాట
కడ్డీల సంగతి డిజైన్ ఇంజనీరు తేలుస్తాడు. గోడ వెనకాల ఏం నింపుతారో అడిగారా? టిప్పర్ల ఖర్చు మిగులుతుందని తవ్విన నల్లమట్టినే మళ్ళీ తోసేస్తారు. వానాకాలంలో గోడను నెట్టేది అదే. కనీసం రెండడుగుల వెడల్పున మొరం పోసి, అడుగుకోసారి నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాలి. అడుగు స్లాబు కిందా నల్లమట్టి తీసి మొరమే వేయాలి. ఇది చేయిస్తే ఆర్‌సీసీ అయినా ఫైబర్ అయినా నిలబడుతుంది, చేయించకపోతే రెండూ నిలబడవు.

కాంక్రీటు30
మొరం పోస్తే వాన నీళ్ళకు మీరే దారిచ్చినట్టు. ఆ నీళ్ళు గుంతలో నిలిచాయంటే, పూల్ ఖాళీగా ఉన్న రోజున ఫైబర్ షెల్ పైకి తేలుతుంది. దాని బరువెంతని? ఆర్‌సీసీకి ఆ భయం లేదు.

గట్టుమీద
మా వైపు బోర్లు 600 అడుగులు దాటాయి. ఇక ఊట ఎక్కడిది?

మొరంబాట
ఇది బోరు ఊట కాదు. చుట్టూ నల్లరేగడి నీటిని ఇంకనివ్వదు కాబట్టి తవ్విన గుంతే తొట్టి అయిపోతుంది. వాన నీళ్ళు అందులోనే ఉంటాయి.

ఇక “ఆర్‌సీసీకి భయం లేదు” అన్నది తప్పు. లెక్క చూడండి. ఈ పూల్‌లో పట్టేవి సుమారు 57 వేల లీటర్లు. కాంక్రీటు దాదాపు 17 ఘనపు మీటర్లు, అంటే 42 టన్నుల బరువు. బయట నీళ్ళు అంచుదాకా వస్తే పైకెత్తే బలం 74 టన్నులు. మట్టి పట్టును పక్కన పెడితే, స్లాబు అడుగు నుంచి మూడడుగుల నీళ్ళు చేరినా ఖాళీ పూల్ కదలడం మొదలవుతుంది. నిండుగా ఉంటే ఏ పూలూ లేవదు.

కాంక్రీటు30
మట్టి పట్టును పక్కన పెట్టి లెక్క కడితే ఏదైనా తేలుతుంది. మీ మాటలు ఫైబర్ డీలరు మాటల్లా ఉన్నాయి.

మొరంబాట
ఫైబర్ కొనమని ఎక్కడన్నాను? పైకెళ్ళి చదవండి. తడిసిన మట్టి పట్టును నమ్ముకుని పూల్ ఖాళీ చేయిస్తారా? అసలు వానాకాలంలో ఖాళీ చేయడం ఎందుకు?

కాంక్రీటు30
ఎందుకా? వారానికోసారి వెళ్ళే తోట అది. వాచ్‌మన్ పంపు వేయడు. కరెంటు పోయి వస్తే మళ్ళీ ఆన్ చేయడు. జులైకల్లా నీళ్ళు పచ్చబడతాయి, దోమలు చేరతాయి. అందుకే జనం ఖాళీ చేయిస్తారు. ఖాళీగా కూడా నిలబడే పూల్ కావాలన్నదే నా వాదన.

మొరంబాట
ఈ మాట ముందే చెప్పాల్సింది. పూల్ ఏడాదంతా నిండుగానే ఉండాలన్నది నా వాదన. మనిద్దరికీ తేడా అక్కడుంది, షెల్‌లో కాదు.

నిండుగా ఉంచడానికి వాచ్‌మన్ మీద ఆధారపడక్కర్లేదు. 57 వేల లీటర్లు ఆరు గంటల్లో ఒకసారి ఫిల్టర్‌లోంచి తిరగాలంటే గంటకు తొమ్మిదిన్నర వేల లీటర్లు కావాలి. 24 అంగుళాల సాండ్ ఫిల్టరు, 1 హెచ్‌పీ పంపు సరిపోతాయి. కరెంటు పోయినా టైము తప్పని బ్యాటరీ టైమర్ పెట్టండి. రోజుకు ఆరు యూనిట్లు కాలుతుంది. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. ఒక్కసారి ఖాళీ చేసి నింపాలంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు తెప్పించాలి, అదీ లెక్కేసుకోండి.

పైపుపని
ఇద్దరి వాదనకూ పనికొచ్చేది ఒకటుంది. స్లాబు కింద అరడుగు కంకర పరిచి, అందులోంచి గోడ పక్కగా నేల పైదాకా 6 అంగుళాల పీవీసీ గొట్టం నిలబెట్టండి. కంకరలో ఉండే భాగానికి చిల్లులు పెట్టి జాలీ చుట్టాలి. తాడు వదిలితే కింద ఎన్ని నీళ్ళున్నాయో తెలుస్తుంది. చిన్న సబ్‌మెర్సిబుల్‌తో తోడేశాకే పూల్ ఖాళీ చేయొచ్చు. షెల్ కట్టేప్పుడైతే దీని ఖర్చు వేలల్లోనే, తర్వాత పెట్టించాలంటే డెక్ (పూల్ చుట్టూ వేసే గచ్చు) పగలగొట్టాలి. ఆ డెక్ వాలు కూడా బయటికే ఉండాలి.

సరుకులెక్క
16 లక్షల్లో షెల్ సరుకు చిన్న భాగమే. ఘనపు మీటరు ఆరు వేల చొప్పున కాంక్రీటు లక్ష, రెండు టన్నుల ఇనుము లక్షా పాతిక వేల దాకా. గోడలు, అడుగు కలిపి టైల్స్ 855 చదరపు అడుగులు. నీళ్ళు అంచు మీంచి పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ అయితే ఆ నీళ్ళు పట్టే బ్యాలెన్సింగ్ ట్యాంకు పక్కన కట్టాలి, గోడలోని నోటితో పై నీళ్ళు లాగే స్కిమ్మర్ పూల్‌కి అక్కర్లేదు. ఏది కొటేషన్‌లో ఉందో రాతపూర్వకంగా అడగండి. మాకు డెక్, కరెంటు పని లేవని చివర్లో చెప్పారు.

తోటమాలి
రెండు కొటేషన్లలోనూ మొరం, గొట్టం లేవు. మళ్ళీ రాయించుకుంటాను. మా బోరు నీళ్ళు బాగా కఠినం. టైల్స్‌కి తెల్లపొర పడుతుందా?

కాంక్రీటు30
పడుతుంది, నీటి మట్టం దగ్గరే ఎక్కువ. మేలో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరవుతుంది, మీ పూల్‌కి అది 400 లీటర్లు. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తుంటే కఠినత్వం పెరుగుతూ పోతుంది. పీహెచ్ 7.6 దాటనివ్వకండి, టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు ఎపాక్సీదే వాడండి. ట్యాంకర్ నీళ్ళూ చాలావరకు బోరువే కాబట్టి రెండూ పరీక్ష చేయించండి. వానాకాలంలో ఖాళీ చేయించమనే ఇప్పటికీ అంటాను, కాకపోతే గొట్టంలో తాడు వేసి చూశాకే.